కూలిన చర్చి గోడల మధ్య పాట: సంగీతం ఐరోపాకు శాంతి తెచ్చిందా?

కృష్ణాతీరం (కోవెంట్రీ)
నవంబరు 15, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

నేను ఇంగ్లండులోని కోవెంట్రీలో ఎం.ఎస్. చేస్తున్నాను. వారానికి రెండు రాత్రులు ఒక గోదాములో పెట్టెలు సర్దే పని. తెల్లవారుజామున పని దిగి గదికి నడిచి వచ్చే దారిలో పాత కేథడ్రల్ ఉంది. దానికి కప్పు లేదు. బయటి గోడలు, అద్దాలు లేని రాతి కిటికీలు, ఎత్తైన గోపురం మాత్రం నిలబడి ఉన్నాయి. దాన్ని ఆనుకుని కొత్త చర్చి కట్టారు. పది నెలలుగా ఆ దారినే పోతున్నా ఏనాడూ లోపలికి వెళ్ళలేదు. ఆ వేళకు నిద్ర తప్ప మరేదీ గుర్తుండదు.

నిన్న నవంబరు 14. 1940లో అదే తేదీ రాత్రి జర్మన్ విమానాలు ఈ ఊరి మీద తెల్లవారే దాకా బాంబులు కురిపించాయి. 560 మందికి పైగా చనిపోయారు. నిన్న సాయంత్రం అటు వెళ్తుంటే కొత్త చర్చి లోపల గంటలు మోగుతున్నాయి, వాటి వెనకే ఒక పెద్ద బృందం గొంతు బాగా తగ్గించి పాడుతోంది. గంటల స్వరాలు రెండూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. అయినా కాలు ముందుకు పడలేదు. తలుపు దగ్గరున్న పెద్దాయనను అడిగాను. అది బెంజమిన్ బ్రిటెన్ అనే ఇంగ్లీషు సంగీతకర్త రాసిన 'వార్ రిక్వియం' అట. రిక్వియం అంటే మృతుల కోసం పాడే ప్రార్థన. 1962లో ఈ కొత్త చర్చి ప్రారంభానికే రాయించారట. ఒక ఇంగ్లీషు గాయకుడు, ఒక జర్మన్ గాయకుడు, ఒక రష్యన్ గాయని కలిసి పాడాలని ఆయన కోరుకున్నారట.

గదికి వచ్చి ఇదంతా చెబితే మా రూమ్మేట్ ఒక్క మాటలో తేల్చేశాడు: "పాడితే బాంబులు ఆగాయా?" నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

సూటిమాట (గుంటూరు)
నవంబరు 15, రాత్రి 10:05

ఆగలేదు. మీ రూమ్మేట్ తెలివైనవాడు.

1942 ఏప్రిల్ 19న, హిట్లర్ పుట్టినరోజుకు ముందు రోజు, బెర్లిన్‌లో బీతోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించారు. ఫుర్ట్‌వెంగ్లర్ అనే ఆయన వాద్యబృందాన్ని నిర్వహించాడు. మనుషులంతా అన్నదమ్ములవుతారని పాడే పాట అది. అయిపోయాక హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ వేదిక దగ్గరకు వచ్చి చెయ్యి కలిపాడు, ఆ దృశ్యం ఫిల్ములో ఇప్పటికీ ఉంది. నాజీల ఆష్విట్జ్ మృత్యు శిబిరంలో బందీల చేతే వాద్యాలు వాయింపించి, ఆ తాళానికి తోటి బందీలను పనికి నడిపించారు. సంగీతం మనిషిని మంచివాణ్ణి చేస్తుందన్న మాటకు ఇక ఏం విలువ?

శాంతి కావాలంటే ఒప్పందాలు రాసుకోవాలి. 1951లో ఆరు దేశాలు బొగ్గు, ఉక్కు ఉమ్మడిగా చూసుకుందామని సంతకాలు చేశాయి. ఐరోపాలో ఫ్రాన్సు, జర్మనీ మళ్ళీ కొట్టుకోకపోవడానికి కారణం అక్కడుంది. పాట పెళ్ళి భోజనం తరువాతి తాంబూలం లాంటిది. ఉంటే ముచ్చట, దానితో కడుపు నిండదు.

పాత పుస్తకం (వరంగల్లు)
నవంబరు 16, ఉదయం 7:15

తాంబూలం పోలిక బాగుంది, దాచుకుంటాను. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పి విరమించుకున్నవాణ్ణి, కాబట్టి కొంచెం సాగదీస్తాను. ఓపిక పట్టండి.

వార్ రిక్వియం మొదటి ప్రదర్శన 1962 మే 30న జరిగింది. అందులో రెండు లోకాలు పక్కపక్కనే నడుస్తాయి. పెద్ద వాద్యబృందం, గాయక బృందం, సోప్రానో (పై స్థాయి ఆడగొంతు) గాయని మృతుల కోసం చేసే లాటిన్ ప్రార్థన పాడతారు. ఇంకో చిన్న వాద్యబృందంతో ఇద్దరు మగ గాయకులు విల్ఫ్రెడ్ ఓవెన్ కవితలు పాడతారు. ఓవెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయి. యుద్ధం ముగియడానికి సరిగ్గా వారం ముందు, 1918 నవంబరు 4న, చనిపోయాడు. వయసు 25. ప్రార్థన 'వారికి శాశ్వత విశ్రాంతి నివ్వు' అంటుంటే, పశువుల్లా చచ్చేవాళ్ళకు ఏ గంటలు మోగుతాయని కవిత అడ్డు తగులుతుంది. అంటే బ్రిటెన్ తన చర్చి ప్రార్థనను తానే నిలదీశాడు. సూటిమాట గారి ప్రశ్నను ఆయన కృతిలోనే పెట్టాడన్నమాట.

ఇక గాయకులు. ఇంగ్లీషువాడు పీటర్ పియర్స్. జర్మన్ డీట్రిష్ ఫిషర్-డీస్కావ్. ఈయన హిట్లర్ సైన్యంలోకి బలవంతంగా వెళ్ళి ఇటలీలో అమెరికన్లకు యుద్ధ ఖైదీగా చిక్కినవాడు. ఆయన వికలాంగ సోదరుణ్ణి నాజీ ప్రభుత్వమే ఒక ఆశ్రమంలో పెట్టి తిండి లేకుండా చంపింది. రష్యన్ గలీనా విష్నెవ్‌స్కయా, లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలిని తట్టుకుని బతికిన పిల్ల. సోవియట్ సాంస్కృతిక మంత్రి ఆమెను పంపడానికి ఒప్పుకోలేదు. జర్మన్ పక్కన, ఇంగ్లీషువాడి పక్కన నిలబడి సోవియట్ స్త్రీ ఎలా పాడుతుందన్నది అభ్యంతరం. పది రోజుల వ్యవధిలో హెదర్ హార్పర్ ఆ భాగం నేర్చుకుని పాడింది. మరుసటి ఏడు జనవరిలో లండన్‌లో రికార్డు చేసినప్పుడు మాత్రం విష్నెవ్‌స్కయా వచ్చింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ రాని గాయని సంగతే. పాటతో ఏమీ జరగదని ఆ మంత్రి కూడా అనుకుని ఉంటే ఆపేది కాదు కదా?

ప్రతిమధ్యమం (రాజమహేంద్రవరం)
నవంబరు 16, మధ్యాహ్నం 2:30

కృష్ణాతీరం గారూ, మీ చెవిని మెచ్చుకోవాలి. పొసగడం లేదన్నారు చూడండి, అది నిజం.

నేను కర్ణాటక సంగీతం చెప్పుకునేదాన్ని. పాశ్చాత్య సంగీతం స్వయంగా కొంత నేర్చుకున్నాను. ఆ గంటలు మోగించే రెండు స్వరాలు మన లెక్కలో షడ్జమం (స), ప్రతిమధ్యమం (పై మ). కల్యాణి రాగంలో రోజూ పాడుకునే స్వరాలే. మనకు ఆ మధ్యమం ఆనుకోవడానికి పక్కన పంచమం ఉంటుంది, అందుకే తీయగా వినిపిస్తుంది. బ్రిటెన్ ఆ ఆసరా తీసేశాడు. స ఒకవైపు, ప్రతిమధ్యమం ఒకవైపు, మధ్యలో ఏమీ లేదు. ఎటూ వాలని తక్కెడలా ఉంటుంది. గాయక బృందం చాలాసేపు ఆ రెంటి మీదే నిలుస్తుంది.

నా పేరు చూసి ఇదంతా ఎవరైనా సొంత డబ్బా అనుకుంటే నేనేం చేయలేను.

సూటిమాట
నవంబరు 16, సాయంత్రం 6:10

పాత పుస్తకం గారి చివరి ప్రశ్నకు: మంత్రి భయపడింది పాటకు కాదు, ఫోటోకు. మూడు దేశాలవాళ్ళు పక్కపక్కన నిలబడిన ఫోటో మర్నాడు పత్రికలో వస్తుంది. అది రాజకీయం. ఆ ముగ్గురూ చదరంగం ఆడినా అదే భయం ఉండేది.

ఎల్బ్ ఒడ్డున (డ్రెస్డెన్)
నవంబరు 17, రాత్రి 12:50

నేనుండేది అవతలి వైపు, జర్మనీలో. కోవెంట్రీకీ డ్రెస్డెన్‌కూ 1959 నుంచి జంట నగరాల ఒప్పందం ఉంది. 1945 ఫిబ్రవరి 13 నుంచి 15 వరకు బ్రిటిష్, అమెరికన్ విమానాలు ఈ ఊరిని కాల్చేశాయి. దాదాపు 25,000 మంది పోయారు. ఇక్కడి ఫ్రావెన్‌కిర్షె చర్చి గుమ్మటం ఆ మంటల వేడికి రెండు రోజుల తరువాత కుప్పకూలింది. నలభై ఏళ్ళకు పైగా ఆ రాళ్ళ గుట్టను అలాగే ఉంచేశారు. జర్మనీ ఒకటయ్యాక మళ్ళీ కట్టి 2005లో తెరిచారు. గోడను దగ్గరగా చూస్తే లేతరంగు కొత్త రాళ్ళ మధ్య అక్కడక్కడ మసిబారిన పాత రాళ్ళు కనిపిస్తాయి, ఏది ఎక్కడిదో కంప్యూటర్‌తో లెక్కగట్టి పాత చోటే పెట్టినవి. గుమ్మటం మీది శిలువకు బ్రిటన్‌లో చందాలు పోగు చేశారు. దాన్ని చేసిన లండన్ కంసాలి తండ్రి, ఈ ఊరి మీద బాంబులు వేసిన విమానాల్లో ఒకదాని పైలట్.

సంగీతం సంగతి. ఏటా ఫిబ్రవరి 13న ఇక్కడి స్టాట్స్‌కపెల్లె వాద్యబృందం ఒక రిక్వియం వాయిస్తుంది. 1951లో మొదలైన ఆనవాయితీ. చివర చప్పట్లు కొట్టరు. నేను ఒకసారి వెళ్ళాను. మొదట నాకు తెలియక చేతులు పైకెత్తాను. పక్కన కూర్చున్న ఆమె నా మణికట్టు మీద వేళ్ళు ఆనించింది. పట్టుకోలేదు, ఆనించింది అంతే. తరువాత అందరూ లేచి నిలబడ్డారు. హాల్లోని వాళ్ళంతా చప్పుడు లేకుండా కోట్లు తొడుక్కుని బయటకు నడిచారు. బయట గంటలు.

అదే రోజు అదే ఊళ్ళో నయా నాజీలు కూడా ఊరేగింపు తీస్తారు. చచ్చినవాళ్ళ లెక్కను లక్షలకు పెంచి, జర్మన్లే అసలు బాధితులని చెప్పుకుంటారు. వాళ్ళను అడ్డుకోవడానికి 2010 నుంచి ఊరివాళ్ళు చేయీ చేయీ పట్టుకుని పాత ఊరి చుట్టూ నిలబడుతున్నారు. కాబట్టి సూటిమాట గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. ఒకే దుఃఖాన్ని రెండు రకాల వాళ్ళూ వాడుకోవచ్చు.

చెట్టుకింద (నిర్వాహకులు)
నవంబరు 17, ఉదయం 9:00

యూరోవిజన్ పాటల పోటీ గురించి నిన్న రాత్రి మొదలైన పద్నాలుగు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాను. 1956లో లుగానోలో ఏడు దేశాలతో మొదలైందనీ, 2022లో యుద్ధం వల్ల రష్యాను పక్కన పెట్టారనీ తేలింది. మిగతాదంతా ఎవరి బట్టలు బాగున్నాయన్న గొడవ. దయచేసి ఇక్కడ వద్దు.

పాత పుస్తకం
నవంబరు 17, ఉదయం 10:20

తొమ్మిదో సింఫనీ మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. అందులో పాడే కవితను షిల్లర్ 1785లో రాశాడు, బీతోవెన్ సింఫనీ వియన్నాలో 1824 మే 7న వినిపించింది. జర్మనీ రెండుగా ఉన్నప్పుడు 1956 నుంచి 1964 దాకా ఒలింపిక్స్‌కు ఉమ్మడి జట్టు వెళ్ళేది. గెలిస్తే ఎవరి గీతం వాయించాలి? ఈ వరుసే వాయించారు. 1972లో ఐరోపా మండలి తన గీతంగా దీన్నే ఎంచుకుంది. మాటలు పెడితే ఏ భాషలో పెట్టాలన్న తగవు, అందుకని ఉత్త బాణీ. 1985లో ఐరోపా సముదాయం కూడా దాన్నే తీసుకుంది. ఇంతలో 1974లో రొడీషియాలో (నేటి జింబాబ్వే) నల్లవాళ్ళకు సమాన హక్కులివ్వని తెల్లవాళ్ళ ప్రభుత్వం తన జాతీయ గీతానికి కూడా సరిగ్గా ఇదే బాణీ పెట్టుకుంది!

బెర్లిన్ గోడ తెరుచుకున్నాక 1989 క్రిస్మస్ రోజున తూర్పు బెర్లిన్‌లో అమెరికన్ సంగీతకర్త బెర్న్‌స్టీన్ ఈ సింఫనీనే నిర్వహించాడు. రెండు జర్మనీల నుంచీ, లెనిన్‌గ్రాడ్, లండన్, పారిస్, న్యూయార్కుల నుంచీ వాద్యకారులు వచ్చారు. పాటలో 'ఆనందం' అన్న మాట తీసి 'స్వేచ్ఛ' అని పాడించాడు. బాణీ ఇంటి ముందు అరుగు లాంటిది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఎవరు కూర్చున్నారో చూసుకోవడం మన పని.

ఉత్తరదీపం (టాలిన్)
నవంబరు 18, రాత్రి 8:15

మీరంతా వేదిక మీద పాడేవాళ్ళ గురించి మాట్లాడుతున్నారు, వినేవాళ్ళ గురించి మాట్లాడుతున్నారు. నేనున్న చోట ఆ తేడానే సరిగా లేదు.

ఎస్టోనియాలో సుమారు ఐదేళ్ళకోసారి పాటల పండుగ జరుగుతుంది. మొదటిది 1869లో టార్టు ఊళ్ళో. అప్పుడు వాళ్ళు రష్యా చక్రవర్తి కింద, జర్మన్ జమీందార్ల కింద ఉన్న రైతులు. పాడటానికి కూడినప్పుడే మనమంతా ఒకటే జనమన్న సంగతి తమకు తెలిసిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. సోవియట్ కాలంలోనూ పండుగ ఆగలేదు. స్టాలిన్‌కూ పార్టీకీ దండకాలు పాడాల్సి వచ్చింది. కానీ ఎర్నెసాక్స్ అనే ఆయన 1940లలో ఒక పాత కవితకు బాణీ కట్టాడు. 'నా దేశమే నా ప్రేమ' అని మొదలయ్యే పాట. కొన్నాళ్ళకు దాన్ని పక్కన పెట్టేశారు. 1960 పండుగలో కార్యక్రమంలో లేకపోయినా జనం అందుకుని పాడేశారు. అప్పటి నుంచి అది లేకుండా పండుగ ముగియదు.

1988 వేసవిలో యువకులు రాత్రుళ్ళు అదే మైదానానికి వచ్చి పాడటం మొదలుపెట్టారు. ఆ సెప్టెంబరు 11న దాదాపు మూడు లక్షల మంది వచ్చారంటారు. దేశం మొత్తం జనాభానే పదిహేను లక్షలు! 1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా, 600 కిలోమీటర్లకు పైగా, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా మూడు దేశాల జనం చేతులు పట్టుకుని వరుసకట్టారు. ఇరవై లక్షల మంది. 1991లో ముగ్గురికీ స్వాతంత్య్రం వచ్చింది.

నేను చూసిన పండుగ సంగతి చెబుతాను. ముందు ఊళ్ళోంచి మైదానానికి ఐదు కిలోమీటర్ల ఊరేగింపు. ఆడవాళ్ళు జూలై నెలలో కూడా ఉన్ని గాగ్రాలు, చారల చారలవి. ఏ చారలు ఏ ఊరివో ఇక్కడివాళ్ళకు చూడగానే తెలుస్తుంది. వాన మొదలైంది. ఎవరూ కదల్లేదు, పల్చటి ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని కూర్చున్నారు. పచ్చిక వాలు మీద నా పక్కన ఒక ముసలావిడ. ఆమె చేతిలో తడిసిన పాటల పుస్తకం. నేను ఊరికే కూర్చోవడం ఆమెకు నచ్చలేదు. పుస్తకం నా ఒళ్ళో సగం పెట్టి, పాట ఎక్కడ నడుస్తోందో వేలితో చూపిస్తూ పోయింది. ఆ భాషలో అచ్చులు సాగదీసి పలకాలి. నేను పొట్టిగా పలికినప్పుడల్లా వేలు ఆగేది. మళ్ళీ పలికాక గానీ కదిలేది కాదు. మా నాయనమ్మ శతకం చెప్పించినట్టే.

ఓరుగల్లు వాన
నవంబరు 18, రాత్రి 9:30

ఉత్తరదీపం గారు రాసింది చదువుతుంటే మా ధూంధాం సభలు గుర్తొచ్చాయి. తెలంగాణ ఉద్యమంలో ఉపన్యాసం వినడానికి రానివాళ్ళు కూడా పాటకు వచ్చేవారు. గజ్జె కట్టినవాడు ఒక చరణం అందుకుంటే మైదానమంతా పల్లవి అనేది. అయితే మాది కోపం ఉన్న పాట. అది శాంతి కోసమా పోరాటం కోసమా అంటే, నేను రెండోదే అంటాను.

సూటిమాట
నవంబరు 18, రాత్రి 10:45

ఉత్తరదీపం గారికి రెండు ప్రశ్నలు. ఒకటి: 1991 జనవరి 13న విల్నియస్‌లో టీవీ గోపురం దగ్గర సోవియట్ సైన్యం పద్నాలుగు మందిని చంపింది. పాడుతున్నారు కదా అని ట్యాంకులు ఆగలేదు. మాస్కో కూలిపోతోంది కాబట్టి వాళ్ళు గెలిచారు. రెండు: ఎస్టోనియాలో నాలుగో వంతు జనం రష్యన్ మాట్లాడేవాళ్ళు. 'నా దేశమే నా ప్రేమ' అని మైదానమంతా పాడుతుంటే వాళ్ళెక్కడుంటారు?

ఉత్తరదీపం
నవంబరు 19, ఉదయం 11:00

మొదటిదానికి ఒప్పుకుంటాను. ఇక్కడివాళ్ళు కూడా పాట ఒక్కటే గెలిపించిందని అనరు, పర్యాటకుల కరపత్రాలు అంటాయి.

రెండోది ముల్లు. మా ప్రయోగశాలలో ఒకావిడ ఉంది, ఇంట్లో రష్యన్ మాట్లాడే కుటుంబం, పుట్టింది ఇక్కడే. పండుగ వారం వస్తే ఊరు వదిలి పోయేవాళ్ళం అని చెప్పింది. ఈసారి మాత్రం వెళ్ళలేదు, కూతురు బడి గాయక బృందంలో చేరింది కాబట్టి. మైదానంలో కలిశాను. చుట్టూ అందరూ లేచి పాడుతుంటే ఆమె నోరు విప్పలేదు. వేలాది పిల్లల్లో కూతురు ఏ వరుసలో ఉందో ఫోను కెమెరా పెద్దది చేసి వెతుకుతోంది. దొరికాక "అదిగో, జడ ఊడిపోయింది" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. దీన్ని సయోధ్య అనాలో వద్దో నాకు తెలియదు.

మల్లెతీగ (మ్యూనిక్)
నవంబరు 20, సాయంత్రం 7:25

బోస్నియా రాజధాని సారయేవో గురించి ఎవరూ రాయలేదేమిటి? పోయిన వేసవిలో వెళ్ళి వచ్చాను.

1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ఆ ఊరు ముట్టడిలో ఉంది, 1,425 రోజులు. చుట్టూ కొండలు, కొండల మీద బోస్నియా సెర్బుల ఫిరంగులు. ఇప్పటికీ నడిచే దారుల్లో మోర్టార్ గుండ్లు పడి పగిలిన గుంతలు కనిపిస్తాయి. మనుషులు చనిపోయిన చోట గుంతలను ఎర్ర రంగు జిగురుతో నింపారు. దూరం నుంచి ఎవరో ముగ్గు మీద కుంకుమ ఒలకబోసినట్టుంటుంది. నేను ఒకదాన్ని తొక్కి, తెలిశాక వెనక్కి గెంతాను.

1992 మే 27న రొట్టెల కోసం వరుసలో నిలబడినవాళ్ళ మీద గుండు పడి ఇరవై మందికి పైగా పోయారు. తరువాత వెద్రాన్ స్మాయిలోవిచ్ అనే చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాద్యకారుడు కచేరీకి వేసుకునే నల్ల కోటు తొడుక్కుని ఆ వీధిలో కూర్చుని వాయించాడు. శిథిలాల్లో, శ్మశానాల్లో కూడా వాయించాడు. అదే ఏడు ఆగస్టులో జాతీయ గ్రంథాలయాన్ని తగలబెట్టారు. లక్షల పుస్తకాలు. కాలిన కాగితాల మసి ఊరంతా రాలింది. 1994 జూన్‌లో, ముట్టడి ఇంకా నడుస్తుండగానే, కప్పులేని ఆ గ్రంథాలయంలో మోజార్ట్ రిక్వియం వాయించారు. నిర్వహించింది మన బొంబాయి పార్సీ జుబిన్ మెహతా. వాయించినవాళ్ళూ, బృందంలో పాడినవాళ్ళూ ఆ ఊరివాళ్ళే. లోపల శ్రోతలు లేరు, టీవీ ద్వారా బయటి దేశాలకు చేరింది.

ఇవన్నీ పేరున్న సంగతులు. నాకు ఎక్కువ నచ్చింది పేరులేనిది. పోంటానిమా అని ఒక గాయక బృందం, 1996లో ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి పూనుకుని మొదలుపెట్టాడు. క్యాథలిక్కులు, ఆర్థడాక్సులు, ముస్లిములు, యూదులు, ఏ దేవుడూ లేనివాళ్ళు. అందరూ అందరి పాటలూ పాడాలన్నది నియమం. కొండ మీద నుంచి నిన్నటి దాకా గుండ్లు వేసినవాళ్ళ మతపు కీర్తన నేర్చుకోవాలంటే కొందరికి గొంతు పెగల్లేదు. మానేసినవాళ్ళు ఉన్నారు. మిగిలినవాళ్ళు నేర్చుకున్నారు. ఒక పాట బాగా పాడాలంటే దాన్ని వందసార్లు నోట్లో వేసుకుని నమలాలి కదా. అన్నిసార్లు నమిలినదాన్ని పూర్తిగా పరాయిది అనుకోవడం కష్టం.

సూటిమాట
నవంబరు 20, రాత్రి 11:15

జుబిన్ మెహతా వచ్చి వెళ్ళాక ముట్టడి ఇంకో ఏడాదిన్నర సాగింది. 1995లో నాటో బాంబులు వేశాక, డేటన్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు అయ్యాక తగ్గింది. ఆ కచేరీ ఎవరి కోసం? చూసి కళ్ళు తుడుచుకున్న లండన్, పారిస్ జనం కోసమా? పోంటానిమా సంగతి వేరు, దాని మీద ప్రస్తుతానికి ఏమీ అనను.

మల్లెతీగ
నవంబరు 20, రాత్రి 11:40

కొంత నిజమే. కానీ నీళ్ళూ కరెంటూ లేని ఊళ్ళో, ఏ మూల నుంచి తుపాకీ పేలుతుందో తెలియకుండా, ఆ వాద్యకారులు రిహార్సల్‌కు నడిచి వెళ్ళారు. అది లండన్ వాళ్ళ కోసం అనుకోను. 'మేము ఫలానా పని చేసే మనుషులం' అని తమకు తాము గుర్తుచేసుకోవడానికి అనుకుంటాను.

పాత పుస్తకం
నవంబరు 21, ఉదయం 6:50

రాత్రంతా సూటిమాట గారి మొదటి వ్యాఖ్య తలలో తిరిగింది, ఆష్విట్జ్ వాద్యబృందం గురించి రాసింది. ఆ బృందంలో అనీటా లాస్కర్ అనే పిల్ల చెల్లో వాయించేది. ఆ వాద్యం వచ్చు కాబట్టే గ్యాస్ గదికి పోకుండా బతికింది. తరువాత బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి తరలించారు. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం ఆ శిబిరాన్ని విడిపించింది.

ఆ జూలైలో విడుదలైనవాళ్ళ కోసం వాయించడానికి యెహూదీ మెనూహిన్ వయొలిన్ పట్టుకుని అక్కడికి వచ్చాడు. పియానో సహకారానికి ఒక బక్కపలచని ఇంగ్లీషు యువకుడు. అనీటా ఆ కచేరీ విని ఉత్తరం రాసింది. మెనూహిన్ కన్నా ఆ పక్క వాద్యకారుడి వాయిద్యం గురించే ముచ్చటపడి రాసింది. ఆయనెవరో అప్పుడు ఆమెకు సరిగా తెలియదు. ఆయన బెంజమిన్ బ్రిటెన్.

బ్రిటెన్ ఆ ప్రయాణం గురించి దాదాపు ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత తాను రాసిన ప్రతిదాని మీదా అక్కడ చూసినదాని నీడ ఉందని ఎప్పుడో పియర్స్‌తో అన్నాడు. పదిహేడేళ్ళకు కోవెంట్రీ.

ఇంకొకటి. మెనూహిన్ 1947లో బెర్లిన్ వెళ్ళి ఫుర్ట్‌వెంగ్లర్‌తో కలిసి వాయించాడు. అవును, మీరు చెప్పిన ఫుర్ట్‌వెంగ్లరే. మెనూహిన్ యూదుడు. శిబిరాల నుంచి బతికి వచ్చిన యూదు శరణార్థులు ఆయన మీద మండిపడి కచేరీకి రాలేదు. చెయ్యి కలపడం ఎంత తొందరగా చేయవచ్చు, ఎవరి తరఫున చేయవచ్చు? ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర పాఠం లేదు. అనీటా లాస్కర్ దశాబ్దాల పాటు జర్మనీలో అడుగు పెట్టలేదు. తరువాత వెళ్ళింది, బడిపిల్లలతో మాట్లాడటానికి.

సూటిమాట
నవంబరు 21, సాయంత్రం 5:30

ఆ చెల్లో పిల్లకు తరువాత బ్రిటెన్ వినిపించాడని నాకు తెలియదు. నేను ఆష్విట్జ్‌ను వాదనలో రాయిగా విసిరాను. అలా విసరకుండా ఉండాల్సింది.

తక్కిన మాటలు మార్చుకోను. బొగ్గు, ఉక్కు ముందు.

ఎల్బ్ ఒడ్డున
నవంబరు 21, రాత్రి 9:10

బొగ్గు ఉక్కు ఒప్పందాలు కూడా ఊడిపోతాయి లెండి. ఐరోపా యువ వాద్యబృందం 1976 నుంచి లండన్ కేంద్రంగా నడిచింది, అబ్బాడో తొలి సంగీత నిర్దేశకుడు. బ్రిటన్ ఐరోపా యూనియన్ నుంచి బయటకు పోతానన్నాక కార్యాలయం ఇటలీకి మారింది. ఇప్పుడు ఇంగ్లీషు పిల్లలకు అందులో చోటు లేదు. తాంబూలం పళ్ళెం కూడా విస్తరితో పాటే లేచిపోయింది.

కృష్ణాతీరం
డిసెంబరు 12, రాత్రి 10:20

ఇన్నాళ్ళూ పరీక్షలు, అందుకే కనిపించలేదు. అన్నీ చదివాను. కొన్ని రూమ్మేట్‌కు కూడా చదివి వినిపించాను. రొడీషియా దగ్గర నవ్వాడు, అనీటా దగ్గర ఏమీ అనలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పాత చర్చి లోపలికి వెళ్ళాను. ప్రతి శుక్రవారం పన్నెండింటికి ఆ శిథిలాల్లో సయోధ్య ప్రార్థన చదువుతారు. మంటలారాక దొరికిన రెండు కాలిన దూలాలతో కట్టిన శిలువకు నకలు అక్కడ ఉంది, దాని వెనక గోడ మీద 'తండ్రీ, క్షమించు' అని చెక్కారు. ఎవరిని క్షమించాలో రాయలేదు. కావాలనే వదిలేశారట. పది మందిమి ఉన్నాం, చలి.

ప్రార్థన అయ్యాక ఆ రోజు తలుపు దగ్గర కనబడిన పెద్దాయన పలకరించి, పాడతావా అని అడిగారు. రాదన్నాను. వచ్చినవాళ్ళనే తీసుకునే బృందాలు ఊళ్ళో చాలా ఉన్నాయి, ఏమీ రానివాళ్ళను తీసుకునేది మాది ఒకటుంది అన్నారు. అలా మంగళవారం సాయంత్రాలు ఒక బడి హాలుకు వెళ్తున్నాను. నాకు టెనర్ (పై స్థాయి మగగొంతు) వరుసలో చోటు ఇచ్చారు. ఒక పక్క పోలండ్ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు, ఇంకో పక్క ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుర్రాడు. ఇద్దరూ నాకన్నా బాగా పాడతారు. ఉక్రెయిన్ కుర్రాడు పెన్సిలు అరువిస్తాడు, నేను ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నా కాగితం మీద గుర్తు పెట్టి ఇస్తాడు. ఇంకేమీ మాట్లాడుకోలేదు.

మొత్తం వార్ రిక్వియం మావల్ల కాదు. మొదటి భాగం చివర వాద్యాలు లేకుండా గాయకులు మాత్రమే పాడే ఒక చిన్న ముక్క ఉంది, 'కైరీ ఎలీసోన్', అంటే 'ప్రభూ, కరుణించు'. అదొక్కటి సాధన చేయిస్తున్నారు. మా చిక్కు ఏమిటంటే, ప్రతిమధ్యమం మేడమ్ చెప్పిన ఆ రెండు స్వరాలు పట్టుకోగలుగుతున్నాం గానీ, చిట్టచివర ఎక్కడికో దిగాలి. అక్కడికి వచ్చేసరికి అందరం తలో దారీ పోతున్నాం. ఉపాయం చెప్పగలరా?

ప్రతిమధ్యమం
డిసెంబరు 13, ఉదయం 5:45

చెబుతాను. ఫోనులో శ్రుతి పెట్టె ఉంటే సి మీద పెట్టుకోండి. అది మీ స. దాన్ని చివరి దాకా మార్చకండి.

ప్రతిమధ్యమం ఎక్కడుందో మీకిప్పుడు తెలుసు. చివర చేయాల్సిందల్లా అక్కడి నుంచి శుద్ధ మధ్యమానికి (కింది మ) దిగడమే. అర మెట్టు. దూకకూడదు, జారకూడదు, మెట్టు దిగినట్టు దిగాలి. మీరు తలో దారీ పోవడానికి కారణం, దిగేటప్పుడు స కూడా కదులుతోందని భ్రమపడటం. అది కదలదు. కానీ మధ్యమం మారగానే దాని పాత్ర మారుతుంది. అప్పటిదాకా స అనుకున్నది కొత్త శ్రుతికి పంచమం అయిపోతుంది. మనవాళ్ళు దీన్నే గ్రహభేదం అంటారు. స్వరం ఉన్నచోటే ఉంటుంది, ఇల్లు మారుతుంది.

మీ వరుసలో సగం మంది స పట్టుకుని కదలకుండా ఉండండి, తక్కిన సగం మెట్టు దిగండి. తరువాత అటువాళ్ళు ఇటు మారండి. మెల్లగా పాడండి, చాలా మెల్లగా, పక్కవాళ్ళు వినిపించేంత. ఆ ఉక్రెయిన్ అబ్బాయికి చెవి బాగున్నట్టుంది, మొదట అతణ్ణి స మీద నిలబెట్టండి. మంగళవారం ఏమైందో రాయండి.